మూడు, నాలుగు, ఒకటి, రెండు

నేను సినిమా ఆపరేటర్ని. రాస్ అల్ ఖైమా కొండల్లో రాళ్ళ క్వారీకి స్టోర్‌కీపరునని కాగితాల్లో ఉండొచ్చు గాక, మనసులో మాత్రం ఆపరేటర్నే. అమలాపురం చుట్టుపక్కల పదహారేళ్ళు టూరింగు టాకీసుల్లో ప్రొజెక్టరు తిప్పిన చెయ్యి ఇది. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పాపం స్టోర్‌కీపరు త్రిమూర్తులు చేయగలిగింది కాదు. దానికి పనితనం కావాలి.

డెబ్బై ఎనిమిది మొదట్లో మా డ్రిల్లింగు ఇంజనీరు, ఇటలీ ముసలాయన, ఉద్యోగం వదిలి ఇంటికి పోతూ నన్ను పిలిచి ఒక చిన్న ప్రొజెక్టరూ, నాలుగు రేకు డబ్బాల్లో ఒక సినిమా నా చేతిలో పెట్టాడు. వచ్చీరాని హిందీలో దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తలో తీశారట. అప్పట్లో అక్కడ ఏ దేశం దగ్గరా ఒక సినిమాకి సరిపడా సొమ్ము లేదు. అందుకని రెండు దేశాలవాళ్ళు పొత్తుకి తీశారు. కెమెరాలు ఒకళ్ళవి, కొండలు ఇంకొకళ్ళవి. మా వైపు చెరో ఎద్దు తెచ్చి అరక కట్టినట్టన్నమాట. ఆ మంచుకొండల కిందే తన ఊరని చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ప్రింటు ముందుగా ఒకసారి నడిపి చూసుకోకుండా ఆట వేసేవాడు ఆపరేటరే కాదు. గురువారం మధ్యాహ్నం స్టోరు తలుపులు వేసుకుని, గోడ మీద ఒక్కణ్ణే చూశాను. మాట ఒక్కటీ అర్థం కాలేదు. కథ మాత్రం పసిపిల్లాడికైనా తెలుస్తుంది. మొదటి రీల్లో కొండ మీద ఊరు, ఒంటరిగా ఒక ఆడమనిషి. మొగుడు యుద్ధానికి పోయాడు, కబురు లేదు. రెండో రీల్లో గడ్డం పెరిగిన మనిషి మంచులో నడుచుకుంటూ వస్తాడు. ఆవిడ పాలబకెట్టు వదిలేసి పరిగెడుతుంది. మూడో రీల్లో మొగుడు పొరుగుదేశం పోయే జనాన్ని కనుమ దాటించే పనిలో పడతాడు, పైనుంచి మంచుచరియ విరిగి అతని మీద పడుతుంది. నాలుగో రీల్లో ఊరంతా పారలతో వెతుకుతారు, గంట కొడతారు, చివరికి చాలించి ఇళ్ళకు పోతారు. ఎండాకాలం వచ్చి మంచు కరిగాక బండకి చేరగిలబడి శవం కనిపిస్తుంది. గొయ్యి, శిలువ, అయిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఆ తరవాత ఒళ్ళు మండింది. మా క్యాంపులో అరవై మంది ఉన్నారు, నేనూ క్లర్కూ మరొకరిద్దరూ తప్ప అందరూ నిజామాబాద్, కరీంనగర్ పల్లెలవాళ్ళు. తెల్లారి లేస్తే కొండ కింద పని. ఉన్న ఒక్క శుక్రవారం సెలవునాడు కొండ మనిషిని మింగేసే సినిమా చూపించనా? మా టాకీసు ఓనరు ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, జనాన్ని ఏడిపించు, కానీ కళ్ళు ఆరకుండా ఇంటికి పంపకు అని. ఆయన మాట మీద ఎన్ని సినిమాల్లో ఎన్ని ముక్కలు కోశానో, ఎన్ని రీళ్ళు ముందువెనకలు చేశానో నాకే గుర్తులేదు. అది మోసమని నాకెప్పుడూ తోచలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు కదా.

కాసేపు ఆలోచిస్తే వరస దొరికింది. మూడు, నాలుగు, ఒకటి, రెండు. అంతే. నాలుగో రీలు చివర శవం కనిపించే ముక్క కత్తిరించి పాలపిండి డబ్బాలో దాచాను. పేర్లు పడే ముక్క తీసి మూడో రీలుకి ముందు అతికించాను. ఇప్పుడు కథ చూడండి. కొండ మనిషిని మింగుతుంది. ఊరు వెతికి వెతికి మానేస్తుంది. పెళ్ళాం ఒక్కతే మానకుండా ఎదురు చూస్తుంది. మొగుడు గడ్డంతో, చిక్కి సగమై, మంచులోంచి నడుచుకుంటూ వస్తాడు. రెండు దేశాలు కలిసి చేయలేని మంగళం అమలాపురం ఆపరేటరు చేశాడని ఆ సాయంత్రం నా మీసం నేనే దువ్వుకున్నాను.

సినిమా వాళ్ళకి ప్రాణమైపోయింది. హీరోకి రాజన్న అని, ఆవిడకి పోసవ్వ అని పేర్లు పెట్టుకున్నారు. మంచుని ఉప్పనేవారు. ఊళ్ళోవాళ్ళు వెతకడం మానేసినప్పుడు గోడకేసి తిట్లు లంకించుకునేవారు. రాజన్న వచ్చేటప్పుడు ఈలలు. పట్నం నుంచి అప్పుడప్పుడు హిందీ సినిమా అద్దెకి తెచ్చినా, "రాజన్న సైన్మ ఎయ్యే" అని నాలుగు శుక్రవారాలకోసారైనా పట్టుబట్టేవారు.

అందరికంటే పెద్ద ఈల హన్మాండ్లుది. పాతికేళ్ళవాడు, రాళ్ళు ఎత్తే షావల్ మిషనుకి గ్రీజు కొట్టే హెల్పరు. పెళ్ళయి మూడేళ్ళు, అందులో రెండేళ్ళు ఇక్కడే. వాడి అన్న లింబాద్రి డ్రిల్లింగులో పని. నలభై దాటినవాడు, అవసరానికి మించి మాట్లాడడు. తమ్ముణ్ణి ఏజెంటు దగ్గరికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి దుబాయ్ తెచ్చింది తనే. ఇద్దరికీ చదువు రాదు. హన్మాండ్లు పెళ్ళాం చంద్రవ్వకి ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆమె గేదె పేరు కూడా నాకు తెలుసు.

డెబ్బై తొమ్మిది జనవరిలో ఆదివారమంతా వాన పడింది. ఆ కొండలకి వాన అలవాటు లేదు. సోమవారం పొద్దున కూడా జల్లు ఆగలేదు, టీ టైములో షావల్ డ్రైవరు మెస్సుకి వచ్చాడు. హన్మాండ్లు మాత్రం తడవడం ఇష్టంలేక క్యాబిన్‌లోనే కూర్చున్నాడు. కొండ చరియ మొత్తం జారి కిందికొచ్చింది. రాళ్ళ మోత ఆగాక చూస్తే అక్కడ మిషను ఉండేదన్న గుర్తు కూడా లేదు.

సోమ, మంగళవారాలు కంపెనీ మిషన్లతో తవ్వించింది. పైన మిగిలిన చరియ కదులుతోందని మంగళవారం సాయంత్రం ముదీర్, అంటే మా అరబ్బు మేనేజరు, వచ్చి చేతులు దులిపి "ఖలాస్" అన్నాడు. క్లర్కు ఇమామ్ హుస్సేన్, మా కడపాయన, ఆ మాటని మాకు విడమరిచి చెప్పాడు. మనిషి బతికుండే అవకాశం లేదు, ఇంకెవరూ అటు పోకూడదు, లింబాద్రి ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే కేసు మూసేసి చరియ ఆరాక బుల్‌డోజరుతో దారి శుభ్రం చేయిస్తారు. సొంత మనిషి వేలిముద్ర పడేదాకా శవం ఉన్నచోట డోజరు నడపకూడదని రూలట.

"నేనెయ్య," అన్నాడు లింబాద్రి.

"ఎందుకెయ్యవయ్యా? అన్ని టన్నుల రాయి పడింది గదా!"

"రాజన్న మీద పడలేదా? ఊరోళ్ళందరు ఆపిండ్రు. ఆల్లు ఆపినంక గదా ఆయన అచ్చింది."

ఇమామ్ హుస్సేన్ నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను.

తక్కినవాళ్ళెవరూ నవ్వలేదు. సినిమా నిజమని నమ్మేంత అమాయకులు కారు వాళ్ళు. కానీ ఏడాదిగా ప్రతి నెలా ఒక మనిషి కొండ కిందనుంచి బతికి రావడం కళ్ళారా చూస్తున్నారు. చూసిందాన్ని కాదనడం చాలా కష్టం. బుధవారం డ్యూటీ దిగాక పద్దెనిమిది మంది నా స్టోరుకొచ్చి గడ్డపారలు అడిగారు. ముదీర్‌కి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అయినా ఇచ్చాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. రెండు రోజులు తవ్వి అలిసిపోయి వాళ్ళే మానుకుంటారులే అనుకున్నాను.

లింబాద్రి ఒక్కచోటే తవ్వించాడు. మిషను నిలబెట్టిన చోటు అతనికి అడుగులతో సహా తెలుసు. మనిషి లోతు గొయ్యి అయ్యాక నన్ను కేకేసి పిలిచాడు.

"అన్నా, గీడ చెవివెట్టి ఇను. కొడ్తుండు."

దిగి, రాతికి చెవి ఆనించాను. లోపల ఎక్కడో టక్, టక్. ఆగింది. మళ్ళీ టక్.

"రాళ్ళు సర్దుకుంటన్నాయి లింబాద్రీ. పగలు ఎండకి కాగి, సాయంత్రం చల్లారతాయి గదా, అలాగే సప్పుడు సేత్తాయి," అన్నాను.

"రాళ్ళు గింత ఓపిగ్గ కొడ్తయా?"

తవ్వేవాళ్ళలో ఒకడు, పర్శరాములు కూడా దిగి విన్నాడు. రాయే అనుకుంటానన్నాడు, కానీ పని ఆపలేదు.

గురువారం సాయంత్రం పైనుంచి బండ దొర్లి పర్శరాములు కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. నలుగురు మోసుకొస్తుంటే వాడు వేసిన కేకలు మెస్సు దాకా వినిపించాయి. వాడికి ముగ్గురు ఆడపిల్లలు. వాణ్ణి ఆస్పత్రి బండెక్కించి వెనక్కి తిరిగితే, మిగిలిన పదిహేడు మందీ గడ్డపారలు పట్టుకుని మళ్ళీ గోతివైపు పోతున్నారు.

ఇమామ్ హుస్సేన్ నన్ను పక్కకి లాగాడు. "ఏం మందు పెట్టినావయ్యా వీళ్ళకి? చచ్చినోడొకడు. వాడి కోసరం ఇంకా నలుగురు చచ్చేట్టుండారు. నీ సినిమా, నువ్వే ఆపు."

ఆయన కోప్పడింది సినిమా పిచ్చి మీద. రీళ్ళ సంగతి ఆయనకి తెలియదు. కానీ ఆ మాట నా గుండెల్లో దిగింది. ఆ పైన ఉన్న చరియ ఏ క్షణాన దిగుతుందో తెలియదు, దాని కింద పదిహేడు మంది నా అబద్ధాన్ని నమ్ముకుని తవ్వుతున్నారు. నేను చెడ్డవాణ్ణి కాను. ఆ పూట నాకు తోచింది ఒక్కటే, వాళ్ళు బతకాలంటే నిజం చెప్పాలి.

శుక్రవారం పగలంతా స్టోర్లో కూర్చుని పాలపిండి డబ్బాలో ముక్క తీసి నాలుగో రీలుకి అతికించాను. పేర్లు తీసి ఒకటో రీలుకి పెట్టాను. పొద్దు వాలాక గోతి దగ్గరికి పోయి, "రాజన్న సినిమా వేత్తన్నాను, అందరూ రండి," అని పిలిచాను. ఇది ఆటపాటలకి సమయమా అని ఇద్దరు తిట్టారు. లింబాద్రి మాత్రం గడ్డపార పక్కన పెట్టి లేచాడు. తమ్ముడికి ఇష్టమైన సినిమా అనుకున్నాడో ఏమో.

మొదటి రీల్లో పోసవ్వ ఒంటరిగా కనిపించగానే గోల మొదలైంది.

"ఓ ఆపరేటర్ సాబ్! రీలు తప్పు ఎక్కించినవ్!"

"తప్పు కాదు," అన్నాను. "ఇదే అసలు వరస. ఏడాదినుంచీ మీకు నేను తప్పు సూపించాను. సివరిదాకా కూకోండి."

అందరూ మళ్ళీ గోడకేసి తిరిగారు. రాజన్న నడిచొచ్చాడు. ఈల వేసేవాడు లేడు. చరియ విరిగి పడింది. ఊరు వెతికింది, గంట కొట్టింది, మానేసింది. మంచు కరిగింది. వాళ్ళెప్పుడూ చూడని ముక్క గోడ మీద నడుస్తుంటే నేను ప్రొజెక్టరు వెనకనుంచి వాళ్ళ వీపులే చూస్తూ నిలబడ్డాను. గొయ్యి, శిలువ. రీలు తోక చక్రంలో కొట్టుకుంటుంటే ఒక్కొక్కరే లేచి గదుల్లోకి పోయారు.

లింబాద్రి నా దగ్గరికొచ్చాడు.

"గీ తుకుడ ఇన్నొద్దులు ఏడుండె?"

"నా దగ్గిరే."

"ఎందుకు దాశినవే?"

"మీరు ఏడుత్తారని."

"రాజన్న సచ్చిండన్నట్టు," అన్నాడు. "మొదటిసందే సచ్చిండు. నేనే పిసోని తీర్గ పర్శరాములు కాలు ఇరగ్గొట్టిన. రేపు ఏలిముద్ర ఏస్త."

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ముదీర్ చేయలేని పని, క్లర్కు చేయలేని పని నేను చేశానని, పదిహేడు ప్రాణాలు కాపాడానని అనుకుంటూ పడుకున్నాను.

శనివారం లింబాద్రి వేలిముద్ర వేశాడు. గడ్డపారలన్నీ నా స్టోరుకి తిరిగొచ్చాయి. ఆదివారమంతా చరియ ఆరనిచ్చి, సోమవారంనుంచి డోజరు కిందివైపునుంచి దారి తీయడం మొదలుపెట్టింది. బుధవారం మధ్యాహ్నం డోజరు నడిపే పఠాను జర్వలీ ఆయాసపడుతూ స్టోరుకి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. అప్పటికే లింబాద్రి అక్కడ ఉన్నాడు.

షావల్ ఒరిగిపోయి ఉంది. దాని చెయ్యి బండలకి అడ్డంపడి, క్యాబిన్‌లో ఒక వైపు నుజ్జయినా రెండో వైపు మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు మిగిలింది. హన్మాండ్లు అక్కడే కూర్చుని ఉన్నాడు. డ్రిల్లింగువాళ్ళ మంచినీళ్ళ క్యాను ఎప్పుడూ ఆ క్యాబిన్‌లోనే పెట్టేవారు. అది వాడి ఒళ్ళో ఉంది, ఖాళీగా. కుడిచేతిలో గ్రీజు బిరడాలు విప్పే పానా ఉంది. వాడి తల పక్కన తలుపు రేకు, అరచెయ్యి మేర, రంగు లేచిపోయి సొట్టలు పడి తెల్లగా మెరుస్తోంది.

జర్వలీ తన దుప్పటి తీసి వాడికి కప్పాడు. "యే నౌ దిన్ కా ముర్దా నహీఁ హై," అన్నాడు. తొమ్మిది రోజుల శవం కాదు ఇది. తన ఊళ్ళో కొండల కిందనుంచి చాలామందిని తీశాననీ, తొమ్మిది రోజులయితే ఎవరూ దగ్గరికి కూడా రాలేరనీ, నిన్న పొద్దుటిదాకానో, మొన్న రాత్రిదాకానో వీడు బతికే ఉన్నాడనీ చెప్పాడు.

లింబాద్రి లేచి, మేం వదిలేసిన గొయ్యి దగ్గరికి పోయాడు. గోతి అడుగునుంచి క్యాబిన్ తలుపు దాకా చేతులు చాపి కొలిచాడు. రెండు బారలు. పద్దెనిమిది మంది రెండు రోజుల్లో తవ్వేది. కాలు విరిగినవాణ్ణి తీసేసినా మూడు రోజులు పట్టదు.

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా. అతను నావైపు చూడనే లేదు. తమ్ముడి చేతిలోంచి పానా తీయబోయాడు, రాలేదు, వదిలేశాడు.

పెట్టె ఊరు చేరడానికి కాగితాలు కావాలి, ఇరవై రోజులు పడుతుందన్నారు. ముందు చంద్రవ్వకి ఉత్తరం పోవాలి. ఎప్పటిలాగే లింబాద్రి నా గదికొచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. క్యాంపులో చదువొచ్చినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ దగ్గరికి పోకుండా నా దగ్గరికే ఎందుకొచ్చాడో నేను అడగలేదు.

"చిరంజీవి సౌభాగ్యవతి" అని అలవాటుగా రాసి, ఆ కాగితం చింపేశాను. ఇంకో కాగితం తీసుకున్నాను. పోయినవాడి తిథి రాయకపోతే ఊళ్ళో దినాలు ఎలా చేస్తారు?

"ఏ తారీకు రాయమంటావు?" అన్నాను.

"కంపెనీ కాయితంల ఏముంది?"

"కొండ పడ్డ సోమారం."

"గదే రాయి."

కలం పక్కన పెట్టాను. "లింబాద్రీ, ఆవిడకి నిజం..."

"నిజం ఒద్దన్నా," అన్నాడు. అన్నా అనే అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. "మంగళారం సచ్చిండని రాస్తే ఆమె దినాలు లెక్కవెడ్తది. బుధారం ఏంజేశిండ్రు, బేస్తారం ఏంజేశిండ్రు అని అడుగుతది. శుక్రారం వాడు గాడ కొడ్తాంటె నువ్వేడున్నవ్ బావా అంటది. సైన్మ సూస్తున్ననని రాయాల్నా?"

కొండ పడిన క్షణంలోనే ప్రాణం పోయిందనీ, నొప్పి తెలియలేదనీ, సోమవారమనీ రాశాను. చదివి వినిపించాను. అతను తల ఊపి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మార్చిలో ప్రొజెక్టరు ఒక పాకిస్తానీకి ఇచ్చేశాను. సినిమా నాలుగు డబ్బాలూ క్వారీ చెత్తలో పోశాను. నన్ను పనిలోంచి తీయలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. పర్శరాములు కుంటుతూ వచ్చి డ్యూటీలో చేరాడు. లింబాద్రి తన కాంట్రాక్టు పూర్తయ్యేదాకా అదే కొండలో డ్రిల్లు పట్టుకున్నాడు.

మరుసటేడు ఊళ్ళో హన్మాండ్లు ఏడాది మాసికం ఆ సోమవారం తిథికే పెట్టారు. ఆ తిథికి వాడు బతికే ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన లింబాద్రీ నేనూ ఆ మధ్యాహ్నం మెస్సులో పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం.